వాసన ఉన్న బిల్డింగే కావాలన్నాను

కెనడాలో, టొరంటో స్కార్‌బరోలో మేం కొన్న కాండో ఫ్లాట్ వయసులో నాకంటే పెద్దది. లిఫ్టు కాసేపు ఆలోచించుకుని గానీ కదలదు. బాత్‌రూమ్ టైల్స్ గులాబీ రంగు. స్నేహితులంతా వచ్చి చూసి "లొకేషన్ బాగుంది" అన్నారు, అంటే ఇంకేమీ బాగోలేదని. అనుకోనీ. ఇదే ఎందుకు కొన్నానో వాళ్లకి సంజాయిషీ ఇవ్వలేదు, ఇవ్వను కూడా.

హైదరాబాదులో అద్దె ఇల్లు అడగడానికి వెళ్తే, కులం అడిగితే బాగుండదని "మీరు నాన్‌వెజ్ తింటారా?" అని అడిగేవాళ్లు. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని. తింటామండీ అనేదాన్ని. గేటుకి టు-లెట్ బోర్డు వేలాడుతూనే ఉండేది, ఇల్లు మాత్రం అప్పుడే ఎవరికో ఇచ్చేశామనేవాళ్లు.

విమానమెక్కి ఇంత దూరం వస్తే ఆ ప్రశ్న కూడా మా వెంటే వచ్చింది. ఇక్కడ మేం అద్దెకున్న బేస్‌మెంట్ మనవాళ్లదే. ఓనరు ఆంటీ మంచి మనిషే, జ్వరమొస్తే చారు పంపేది. కానీ మొదటిరోజే చెప్పేసింది: "గుడ్డు వరకూ పర్లేదమ్మా, ఆపైన వద్దు. మాకు నీచు వాసన పడదు." ఒక ఆదివారం వాళ్లు గుడికి వెళ్లారు కదా అని, ఊరినుంచి తెచ్చుకున్న ఎండు నెత్తళ్లు వేయించాను. సాయంత్రం ఆవిడ మెట్లు దిగి వచ్చింది. ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని నిలబడింది, అంతే. మా ఆయన సారీ చెప్పారు. నాకు ఒళ్లు మండిపోయింది. తిన్నందుకు సారీ ఏమిటి? ఇల్లంటూ కొంటే, నేనేం వండుకున్నా ఎవరూ ముక్కు మూసుకోని చోటే కొంటానని ఆయనతో ఆరోజే చెప్పేశాను.

ఇళ్లు చూపించిన ఏజెంటు గోదావరి జిల్లా ఆయన. అన్నీ కొత్త టవర్లే చూపించాడు. గాజు గోడలు, ఓపెన్ కిచెన్, పొయ్యిని ఆనుకునే సోఫా. ఇక్కడ పోపు వేస్తే పరుపులు కూడా తుమ్ముతాయన్నాను. మా ఆయనకి మాత్రం తెగ నచ్చాయి. "రీసేల్ వాల్యూ ఉంటుంది" అన్నారు. కొనకముందే అమ్మడం గురించి మాట్లాడే మనిషితో ఏం వేగుతాం?

చివరికి మా బడ్జెట్ మీద జాలిపడి ఏజెంటు ఈ పాత బిల్డింగుకి తీసుకొచ్చాడు. లిఫ్టు దిగగానే ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"సారీ మేడం, ఇదొక్కటే మైనస్. ఎవరేం వండినా కారిడార్ అంతా వాసన కొడుతుంది."

నేను అక్కడే ఆగిపోయాను. ఒక తలుపు వెనకాల కొబ్బరిపాలల్లో ఏదో ఉడుకుతోంది. ఎక్కడో వెల్లుల్లి మాడింది. ఇంకొంచెం ముందుకి వెళ్తే, సందేహం లేదు, ఎండుచేప! ఎవరింట్లోనో, వాళ్లది ఏ దేశమో తెలీదు. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"ఇదే కావాలి" అన్నాను.

"ఇంకా లోపలికే వెళ్లలేదు కదా!" అన్నారు మా ఆయన.

వెళ్లి చూశాం. వంటింటికి నాలుగు గోడలు, ఒక తలుపు, చిన్న కిటికీ. ఈ గోడ కొట్టించేస్తే ఓపెన్ కాన్సెప్ట్ అయిపోతుందని ఏజెంటు గోడ తట్టి చూపించాడు. "ముందు దానిమీంచి చెయ్యి తియ్యండి" అన్నాను. నవ్వుతూనే అన్నాననుకుంటా.

మా ఆయన వారంపాటు మెయింటెనెన్స్ ఫీజు, తుప్పు పట్టిన పైపులు, చలిగాలి దూరే కిటికీలు, అన్నీ ఏకరువు పెట్టారు. అన్నీ నిజమే. "ఆ రోజు సారీ చెప్పిన నోటితోనే ఇప్పుడు ఇది వద్దంటారా?" అన్నాను. ఆయన సంతకం పెట్టారు.

పాలు పొంగించిన మర్నాడే నెత్తళ్లు మూకుట్లో వేశాను. సగం వేగాయో లేదో, ఎవరో తలుపు కొట్టారు. మా ఆయన పరుగున వచ్చి పొయ్యి కట్టెయ్యబోయారు. ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను.

"పొయ్యి సంగతి నేను చూసుకుంటా. మీరెళ్లి తలుపు తియ్యండి."

వచ్చింది బిల్డింగ్ సూపరింటెండెంట్. రేపు ఫైర్ అలారం టెస్ట్ చేస్తారు, కంగారు పడొద్దని చెప్పి పక్క ఫ్లాట్‌కి వెళ్లిపోయాడు. మా ఆయన తలుపు మూసి, దానికే ఆనుకుని నిలబడ్డారు.

"వాసన గురించి ఏమీ అనలేదే!" అన్నారు.

"అంటే మాత్రం?" అన్నాను, నెత్తళ్లు తిరగేస్తూ.