రాణిగారు చెప్పమన్నారు

హెస్టర్ లాంగ్‌డేల్‌ది రాణిగారి కొలువులో చెలికత్తె ఉద్యోగం. వయసు యాభై నాలుగు, కుడి మోకాలికి వాతం. నౌకాదళంలో కెప్టెనుగా ఉన్న భర్త పోయి ఏడాది తిరక్కుండానే కొలువులో చేరింది. రాణిగారు నిలబడినంతసేపూ నిలబడటం, జనం ఇచ్చిన పూలగుత్తుల్ని తుమ్మకుండా మోయడం, తెగిన బొత్తాన్ని కారు కదిలేలోపల కుట్టడం పదమూడేళ్ళలో బాగానే ఒంటబట్టించుకుంది. రాణిగారు ఫోర్కు కింద పెడితే బల్లమీద అందరి పళ్ళేలూ ఎత్తేస్తారు. ఆవిడేమో పిచ్చుక తిండి తింటారు. అందుకని హెస్టర్ మూడు నిమిషాల్లో అరకోడిని మాయం చేసి, ఏమీ ఎరగనట్టు పెదవులు అద్దుకునేది. ఈ విద్యలో ఆమెను మించినవాళ్ళు కొలువులో లేరు.

ఆమెకు బొత్తిగా గిట్టనిది ఉత్తరాల పని. రాణిగారికి రోజూ బుట్టెడు ఉత్తరాలొస్తాయి. ప్రతిదానికీ జవాబు ఒక్కటే: "మీకు కృతజ్ఞతలని రాణిగారు చెప్పమన్నారు." కింద చెలికత్తె సంతకం. నిజానికి రాణిగారు ఏమీ చెప్పి ఉండరు, ఆ ఉత్తరం కంటితో చూసి కూడా ఉండరు. కానీ ఆ వాక్యం దాటి ఒక్క ముక్క సొంతంగా రాస్తే ఉద్యోగం ఊడినట్టే. హెస్టర్‌కి ముందు ఆ కుర్చీలో కూర్చున్న లేడీ డ్రుసిల్లా, ఫలానా బిషప్పుగారి ప్రసంగం వింటే రాణిగారికి కూడా నిద్రొస్తుందని రాసింది. వారం తిరక్కుండా నార్‌ఫోక్‌లో అత్తగారింట తేలింది.

ఉద్యోగం ఊడితే హెస్టర్ తేలాల్సిన చోటు బాత్ పట్టణంలో వాళ్ళక్క కాన్‌స్టెన్స్ ఇల్లు. అక్కడ నవంబరు దాటితే గానీ పొయ్యి రాజెయ్యరు. పొద్దుటి మటన్ చల్లారిపోయి రాత్రికీ అదే. భోజనం కాగానే అక్క గొంతెత్తి మతబోధలు చదువుతుంది, మధ్యలో ఎవరు దగ్గినా మళ్ళీ మొదటికొస్తుంది. ఆ ఇల్లు తలుచుకుంటేనే హెస్టర్‌కి మోకాలు సలిపేది.

అయినా ఒకనాడు ఆమె చెయ్యి ఆగలేదు. ముసురు పట్టిన మధ్యాహ్నం, అప్పటికే నలభై మూడు కృతజ్ఞతలు తెలిపి వేళ్ళు కొంకర్లు పోయాయి. నలభై నాలుగో ఉత్తరం యార్క్‌షైర్‌లో థ్రాస్క్‌బీ అనే మిల్లుల ఊరినుంచి, ఏడా బ్రాడ్‌బెంట్ అనే ఆవిడ రాసింది.

"అమ్మా రాణీ, పార్కిన్ కేకులో వెన్న వెయ్యాలా, పంది కొవ్వు వెయ్యాలా? నేను వెన్నంటాను. మా ఆడపడుచు మెర్సీ కొవ్వంటుంది. గోడకి ఆ పక్కనుంచి అదీ ఈ పక్కనుంచి నేనూ పదకొండేళ్ళుగా అరుచుకుంటున్నాం. నువ్వొక్క మాట చెబితే అది నోరు మూస్తుంది."

హెస్టర్ కలం సిరాలో ముంచింది. "వెన్న వెయ్యమని రాణిగారు చెప్పమన్నారు" అని రాసి, అంటించి, మనసు మారేలోపల టపాలో పడేసింది.

పదిహేను రోజులు తలుపు చప్పుడైతే చాలు ఉలిక్కిపడింది. ఏమీ జరగలేదు. ఏడా మాత్రం మళ్ళీ రాసింది, ఈసారి కానరీ పిట్టను కొనాలా వద్దా అని. ఆడదాన్ని జవాబులేకుండా వదిలెయ్యడం మర్యాద కాదు కదా అని హెస్టర్ తనకు తనే నచ్చజెప్పుకుంది. ఆ మర్యాద అలా ఆరేళ్ళు సాగింది. బుట్టలో థ్రాస్క్‌బీ ముద్ర కనిపిస్తే ఆమెకు పండగలా ఉండేది.

ఆరో ఏట వసంతంలో, కార్యదర్శి సర్ మార్టిమర్ పర్యటన జాబితా చదువుతూ "థ్రాస్క్‌బీ, మునిసిపల్ స్నానశాలల ప్రారంభం" అన్నాడు.

"నాకు మోకాలు బాగాలేదండీ," అంది హెస్టర్ వెంటనే.

"రైల్లో కూర్చునే కదండీ వెళ్ళేది," అన్నాడాయన.

స్నానశాలల ముందు ఊరంతా కిక్కిరిసి ఉంది. రాణిగారు రిబ్బను కత్తిరించి మెట్లు దిగుతుంటే, ఒక లావుపాటి ఆవిడ పోలీసు చంకకింద నుంచి దూరి ముందుకొచ్చింది. ఒక చేతిలో గుడ్డ కప్పిన కేకు, ఇంకో చేతిలో బిస్కట్ల డబ్బా.

"ఏం తల్లీ, నేనే ఏడాని. వెన్న ఏడాని," అంది.

రాణిగారు నవ్వారు. కొలువులో ఆ నవ్వుకి, నువ్వెవరో నాకు తెలియదు అని అర్థం.

"నీ ఉత్తరాలన్నీ దాచుకున్నా. ముప్ఫై ఒకటి," అని ఏడా డబ్బా మూత తీసింది.

సర్ మార్టిమర్ మెడ సారించాడు. హెస్టర్ పూలగుత్తి వెనక మొహం దాచుకుంది. బాత్‌లో చల్లారిన మటన్ వాసన అక్కడికే వచ్చినట్టయింది ఆమెకు. ఇంతలో ఎండుపుల్లలాంటి ఇంకో ఆవిడ పోలీసు రెండో చంకకింద నుంచి వచ్చింది. ఏడా ఆడపడుచు మెర్సీ.

"మా వదిన బుకాయింపు నమ్మకండి అమ్మగారూ. మీకు వేరే పనుండదా? ఈ ఉత్తరాలు మీరు చెబితేనే రాశారా? అవునో కాదో తేల్చెయ్యండి. ఊరంతా వింటోంది."

రాణిగారు డబ్బాలో అన్నిటికన్నా పైనున్న వెన్న ఉత్తరం తీసి చదివారు. ఆ చేతిరాత పదమూడేళ్ళుగా ఆవిడకు తెలుసు. ఉత్తరం మడిచి, పూలగుత్తి వైపు ఒక్కసారి చూసి, మెర్సీ వైపు తిరిగారు.

"వెన్నే. అప్పుడే చెప్పాను కదా, ఇంకా కొట్టుకుంటున్నారా?"

తిరుగు ప్రయాణంలో రాణిగారు సర్ మార్టిమర్‌ని వేరే పెట్టెలోకి పంపించేశారు. పార్కిన్ ముక్క తుంచి నోట్లో వేసుకున్నారు. హెస్టర్ బాత్‌కి రైళ్ళు ఎన్నింటికున్నాయో గుర్తు చేసుకుంటోంది.

"ఎన్నేళ్ళుగా?"

"ఆరేళ్ళండి, అమ్మగారూ."

"ఇంకా ఏమేం చెప్పాను నేను?"

"కానరీ పిట్టను కొనుక్కోమన్నారు. చర్చికి ఈకల టోపీ వద్దన్నారు."

"ఎందుకొద్దన్నాను? బాగానే ఉంటుందిగా."

"వెనక వరసకి పాదిరిగారు కనబడటం లేదటండి."

"సరే. ఇంకా?"

"వాళ్ళాయన గురకకి..." హెస్టర్ గొంతు తగ్గించింది. "రాత్రి చొక్కా వీపున పెద్ద కొయ్య బొత్తాం కుట్టమన్నారు. వెల్లకిలా పడుకుంటే గుచ్చుకుంటుంది, పక్కకి తిరుగుతాడని. మా కెప్టెన్‌గారికి అలాగే కుట్టేదాన్ని."

రాణిగారు పార్కిన్ పక్కన పెట్టి ముందుకి వంగారు.

"పనిచేసిందా?"

"ఇప్పుడావిడకి గోడ గడియారం చప్పుడు వినబడుతోందట."

"నీ సంచిలో కొయ్య బొత్తాం ఉందా, హెస్టర్?"

ఉంది. సూది, దారం కూడా ఉన్నాయి. అవి అందిస్తుంటే హెస్టర్‌కి భయం పోయింది. రాజుగారి గురక సంగతి ఆ కొలువులో తెలియనిది ఒక్క రాజుగారికే.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున రాణిగారు బాగా నిద్రపోయిన మొహంతో వచ్చారు. "ఏడాకి ఉత్తరం రాయి. ఈసారి నేను చెప్పింది చెప్పినట్టు," అన్నారు. హెస్టర్ అక్షరం పొల్లుపోకుండా రాసింది. సదరు బొత్తాం విషయమై లభించిన ఫలితము మిక్కిలి సంతృప్తికరముగా ఉన్నదని తెలియజేయుటకు రాణిగారు సంతోషించుచున్నారు. పదమూడేళ్ళలో రాణిగారు నిజంగా చెప్పమన్న ఉత్తరం అదొక్కటే.

నాలుగో రోజుకి జవాబొచ్చింది.

"అమ్మా రాణీ, మొన్నొచ్చిన ఉత్తరం నీది కాదు. ఎవరో నీ పేరు పెట్టి రాశారు. నీ మాట నాకు తెలీదా? నువ్వంత బిగుసుకుని మాట్లాడవు. అదెవరో కనిపెట్టి ముందు ఇంటికి పంపించెయ్."

హెస్టర్ దాన్ని రాణిగారి ముందు పెట్టి, అలవాటుగా నిలబడింది. రాణిగారు రెండుసార్లు చదివారు. తర్వాత కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు.

"నన్ను ఇంటికి పంపించమంటోంది. ఇకమీదట నా మాటలు నువ్వే చెప్పు హెస్టర్, నాకు చేతకావడం లేదు. కూర్చుని రాయి." ఆవిడ మాత్రం కిటికీ దగ్గర నిలబడే ఉన్నారు.

హెస్టర్ కూర్చుంది. రాణిగారు నిలబడి ఉండగా కూర్చోవడం అదే మొదలు. కలం సిరాలో ముంచి రాసింది:

"రాణిగారు చెప్పమన్నారు. నువ్వన్నది నిజమే ఏడా, దొంగ దొరికింది. పాపం, ఆవిడకి ఇది తప్ప వేరే ఇల్లు లేదు. అందుకని ఉండనిచ్చాం."