ఉయ్యాల చీరకు పట్టిన మంచు

రేపల్లెలో ఎండుచేపల తట్ట దించిన ప్రతి గుమ్మంలోనూ రత్తమ్మ ముందు మంచినీళ్లు అడిగేది. ఇచ్చిన చెంబును కళ్లకద్దుకుని తాగేది. అదెందుకో ఆమె తోటికోడలు మహాలక్ష్మి ఒకసారి మాకు చెప్పింది.

1968 చలికాలం. చేపలు ఎండబెట్టడానికి వాళ్లిద్దరూ ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, మడ అడవి నడుమ ఇసుక దిబ్బ మీద తాటాకు పాకలో ఉన్నారు. మహాలక్ష్మికి చంటిపిల్ల. మంచినీళ్లకని మగవాళ్లు పడవ మీద వెళ్లారు. గాలి ఎదురు తిరిగింది, పడవ రాలేదు. ఉన్న ఒక్క కుండా రత్తమ్మ చేతిలోంచి జారి పగిలింది. చెలమ తవ్వితే ఉప్పునీరే ఊరింది. మర్నాటికి మహాలక్ష్మికి పాలు తగ్గాయి. పిల్ల రొమ్ము పట్టడం, వదిలి ఏడవడం.

తెల్లారగట్ల మడాకుల మీద మంచు మెరిసింది. రత్తమ్మ ఆశగా గిన్నెలోకి దులిపి నోట్లో పోసుకుంది. ఉప్పు. మడాకు తనలోని ఉప్పును పైకి వదులుతుందని పుట్టినప్పటి నుంచీ తెలుసు, దాహంలో మరిచిపోయింది.

పాక కప్పు తడిమింది. తాటాకు మీదా మంచే, కానీ సముద్రపు తుంపర పడి దాని మీదా ఉప్పు పేరుకుంది. తన కొంగుతో కప్పంతా తుడిచి పిండి పారబోసింది. ఉన్న తడి కూడా ఇసుకపాలు చేశావని మహాలక్ష్మి విసుక్కుంది.

“ఇయ్యాల ఉప్పు పోనీ. రేపటిది మనది. ఆ ఉయ్యాల విప్పు,” అంది రత్తమ్మ.

ఊళ్లో మంచినీటి కాలవలో ఉతికి తెచ్చిన, ఉప్పంటని బట్ట అక్కడ అదొక్కటే, పాత నూలు చీర.

“పిల్లో?”

“ఒళ్లో పడుకుంటుందిలే. ఊగితే కడుపు నిండదుగా.”

మర్నాడు రత్తమ్మ చీకటుండగానే లేచి, దండం పెట్టుకుని, ఆ చీరతో కప్పు అద్దింది. పిండితే అర చెంబు. తాటాకు వాసన, పొగ వాసన, అయినా తియ్యటి నీళ్లు. చెంబు మహాలక్ష్మి చేతికిచ్చింది.

“నువ్వు తాగావా అక్కా?”

“ముందే తాగా. కానియ్యి.”

రోజూ అదే మాట. పిల్ల మళ్లీ కడుపునిండా తాగి నిద్రపోయింది. ఒకనాడు పాక వెనక రత్తమ్మ పిండేసిన చీర అంచును నోట పెట్టుకుని పీల్చడం మహాలక్ష్మి కంటపడింది. ఆ పూట చెంబులో సగం ఉంచి, అక్క తాగేదాకా పిల్లకు పాలివ్వనని కూర్చుంది. రత్తమ్మ తాగింది.

సాయంత్రం పడవ వచ్చింది. మహాలక్ష్మి భర్త నాగులు నీళ్లు ముంచి, చంటిపిల్ల తల్లి అని ముందు ఆమెకే అందించాడు.

“అక్కకియ్యి,” అంది మహాలక్ష్మి. “అబద్ధాలాడీ ఆడీ ఆవిడ గొంతెండిపోయింది.”

రత్తమ్మ నవ్వి, చెంబు కళ్లకద్దుకుని తాగింది. ఆరిన చీర దులిపి, మళ్లీ ఉయ్యాల కట్టింది.