సున్నం కింద మన బురుజు రాతలు

నేనుంటున్న ఈ పరాయి దేశంలో, హెండర్సన్ అనే ఊరు దాటాక కొండ దారిలో ఒక పాత కలప మిల్లు గోడకు మరమ్మతు చేస్తున్నారు. తడి సున్నం వాసన తగలగానే, కారు తాళాలు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

మిత్రులారా, మన ఊరి గుట్ట మీది బురుజు గుర్తుందా? తిరునాళ్ళకు ముందు ఊరంతా కలిసి దానికి సున్నం కొట్టేవాళ్ళం. ఈత మట్టల కుంచెలు, నీలిమందు కలిపిన బానలు, మోచేతుల దాకా సున్నపు మంట. "మందంగా పుయ్యండ్రా! రాతి మింద గీతలు కనపడితే ఊరికి నామర్దా!" అని మా అవ్వ కింది నుంచి కేకలు వేసేది. అవి వట్టి గీతలు కావు, అక్షరాలని తడిమినప్పుడల్లా నా వేళ్ళకు తెలిసేది.

ఇప్పుడు గుట్టను ఆనుకుని పోయే రోడ్డు వెడల్పు కోసం ఆ బురుజును కూలుస్తారట. శాసనం ఉందని చూపిస్తేనే ఆపుతారట. ఊళ్ళోనే ఉన్న ఓబులేసుకు నిన్న ఫోన్ చేస్తే నవ్వాడు. "ఏమప్పా, ఆడ కూచోని రాతలుండాయంటావు. గీకినాక ఏమీ లేకుంటే నగుబాటు నాకు కదా!"

అప్పటి నుంచి ఏ పనీ సాగడం లేదు. ఎవరైనా ఈ ఆదివారంలోగా వెళ్ళండి. తూర్పు వైపున, భుజం ఎత్తులో గీకండి. ఇప్పటి భుజం కాదు, మనం ఐదో తరగతిలో ఉన్నప్పటి భుజం.