ఎనిమిదో సీసా

గోదావరిలోని జలగలు నాగవ్వ పట్టీల గలగల వినగానే అవతలి ఒడ్డుకు ఈదేవని మంథనిలో చెప్పుకునేవారు. నిజానికి ఆమెకు పట్టీలే లేవు. జలగలు మాత్రం దొరికాయి.

1979లో అక్కడి ఒక కొత్త ప్రైవేటు కాలేజీలో ఆమె ల్యాబు అటెండరు. జీవశాస్త్రం గ్రూపుకు అనుమతి రావాలంటే వెన్నెముక లేని జీవుల్లో ఎనిమిది తెగల నమూనాలూ తెగకో సీసాలో ల్యాబులో ఉండాలి. అనుమతి రాకపోతే నాగవ్వ కూతురు సరోజన చదువు పదోతరగతితో ఆగిపోతుంది. కరీంనగర్‌లో ఉంచి చదివించే స్తోమత నాగవ్వకు లేదు.

నాగవ్వకు చదువు రాదు. లెక్చరర్ ప్రమోదిని చెప్పిన గుర్తులే మనసులో పెట్టుకుని నెలరోజులు తిరిగింది. ఒళ్ళంతా చిల్లులున్న స్పంజిక రేవు రాళ్ళకు అంటుకుని దొరికింది. నోటి చుట్టూ మీసాలున్న హైడ్రా మడుగులోని ఆకుల అడుగున, ఆకులా చదునైన పురుగు కసాయి కోసిన గొర్రె కార్జంలో, దారంలా గుండ్రటి ఏలికపాము పశువుల దవాఖానలో దొరికాయి. ఒళ్ళంతా ఉంగరాలున్న జలగ, కీళ్ళకాళ్ళ ఎండ్రికాయ, మెత్తని ఒంటి మీద గుల్ల మోసే నత్త సరేసరి.

సముద్ర నక్షత్రంలాంటి ముళ్ళచర్మం తెగ ఒక్కటే మిగిలింది. ఆ తెగ సముద్రంలో తప్ప ఎక్కడా బతకదు.

తనిఖీకి ముందురోజు కాలేజీ యజమాని చొక్కారావు వచ్చి ఖాళీ సీసా చూశాడు.

"మైనంతోటి ఓ సముద్రపు చుక్క జేసి సీసల ముంచు నాగవ్వా. ఎవడు మూత తీసి చూస్తడు?"

"ఒక్కటి దొంగది దొరికితె తక్కిన ఏడు గూడ దొంగయే అంటరు దొరా. నేను ముంచ."

"అనుమతి రాకుంటె నీ బిడ్డే ఇంట్ల కూసుంటది, సూసుకో."

నాగవ్వ ఖాళీ సీసాను తుడిచి వరుస చివర పెట్టింది.

మర్నాడు వచ్చిన తనిఖీ అధికారి దాని దగ్గరే ఆగాడు. "ఇందులో ఏదమ్మా?"

"గది సముద్రంల ఉంటది సారూ. మా గోదాట్ల లేదు."

ఆయన కిటికీ దగ్గరి నిమ్మకొమ్మ మీంచి ఒక ఆకుపచ్చ గొంగళిపురుగును కాగితం మీదికి తీశాడు. "దీని ఒంటినిండా ఉంగరాలే. జలగ పక్కన పెట్టనా?"

చొక్కారావు తల ఊపబోయాడు. నాగవ్వ వంగి, పురుగు తల కింద పరికించి చూసింది.

"పెట్టకుండ్రి. ముందట మూడు జతల కీళ్ళకాళ్ళున్నయ్. గది ఎండ్రికాయ దిక్కు పోవాలె. రేపు రెక్కలొస్తె జలగ పక్కన ఏం జేస్తది?"

ప్రమోదిని నవ్వు ఆపుకోవడానికి రిజిస్టరు అడ్డం పెట్టుకుంది. అధికారి నవ్వలేదు. ఆరు నెలల్లో ఎనిమిదో సీసా నింపాలన్న షరతుతో అనుమతి రాశాడు.

ఆయన జీపు గేటు దాటకముందే నాగవ్వ ప్రమోదినిని అడిగింది. "మేడమ్, సముద్రానికి ఏ బస్సు పోతది?"

"పెద్దపల్లి దాకే బస్సు. ఆడికెల్లి రైలు. ఒక్కదానివే పోతవా?"

"సరోజన పరీక్షలైనంక ఇద్దరం పోతం. గట్టి మూతున్న సీస ఒకటి ఇయ్యుండ్రి."

సముద్రాన్ని చూసి ఆమె "ఉప్పు ఎక్కువైన గోదారి" అందట. వల దులుపుతున్న బెస్తవాళ్ళు ఊరికే ఇచ్చిన ఐదు చేతుల నక్షత్రాన్ని సీసాలో వేసి, రైల్లో దారంతా ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. దాని మీది చీటీ సరోజన రాసింది. ఆమె ఆ గ్రూపులో మొదటి విద్యార్థిని.