రూవి మేడ మీద రాగిసంగటి

తొంభైల మొదట్లో నేను ఒమాన్ సరిహద్దు ఊరు బురైమిలో ఒక బట్టల కొట్లో పనిచేసేవాణ్ణి. రాజధానిలోని రూవిలో కడప ఆవిడ ఒకరు ఇంట్లోనే రాగిసంగటి, కోడిపులుసు పెడుతోందని ఒక లారీ డ్రైవరు చెప్పినప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. శుక్రవారం తెల్లవారగానే బస్సెక్కాను. టికెట్ మూడు రియాళ్ళ పైచిలుకు. సంగటి కోసం అంత దూరమా అని రూమ్‌లో అందరూ నవ్వారు. నవ్వనీ! కొండలు దిగి సొహార్ దాటాక ఎడమపక్క సముద్రం కనబడుతుంటే నాకు మాత్రం సంగటి ముద్దలే కనబడ్డాయి.

పదకొండు దాటాక రూవిలో దిగాను. డ్రైవరు పురమాయించిన గంగారాం బస్టాండులో కాచుకొని ఉన్నాడు. జగిత్యాల మనిషి, బిల్డింగు పని. "జల్ది నడువన్నా, ఇయ్యాల అక్కకు పెద్ద పరీక్ష," అన్నాడు. దారిలో సంగతి చెప్పాడు. ఇక్కడ హోటల్ పెట్టాలంటే ఒమానీ పేరు మీద లైసెన్సు ఉండాలి. అది లేకుండా ఇంట్లో వండి అమ్ముతోంది ఆ కడప ఆవిడ, ఓబులమ్మక్క. బలదియా, అంటే మునిసిపాలిటీ వాళ్ళకు తెలిస్తే మూయించేస్తారు. సాలిమ్ అనే పెద్దాయన తన పేరు ఇస్తానన్నాడు, కానీ ముందు వంట రుచి చూస్తాడట.

మూడో అంతస్తు. చిన్న హాల్లో చాపల మీద పదిమంది మనవాళ్ళు. భోజనం ఎనిమిది వందల బైసాలు, రియాల్ లోపే. "కూచోప్పా, బురైమి నుంచి వచ్చినావంట," అంటూ ఓబులమ్మక్క వేడి సంగటి పెట్టి పులుసు పోసింది. ఆ వాసనకే ప్రాణం లేచొచ్చింది. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. పులుసులో ఉప్పు లేదు! గంగారాం వైపు చూశాను. అతనూ గుటక మింగి గొణిగాడు. "అక్క అసలే పరేషాన్ల ఉన్నది. ఎట్ల శెప్తమన్నా?"

అంతలో సాలిమ్ రానే వచ్చాడు. తెల్లటి దుస్తులు, నవ్వు మొహం. బొంబాయిలో వ్యాపారం చేసి నేర్చుకున్న హిందీ. మా మధ్యనే చాప మీద కూర్చున్నాడు. అక్క కంచం పెట్టింది. ఆయన చెయ్యి కడుక్కున్నాడు గానీ కంచం ముట్టలేదు.

"పహలే ఆప్ ఖాయియే," అన్నాడు అక్కతో. వండిన మనిషి ముందు తినాలట, వాళ్ళింట్లో అదే పద్ధతట.

అక్క బిత్తరపోయింది. అందరికీ పెట్టాకే తినే మనిషి ఆమె. గంగారాం ఒక్క ఉదుటున లేచి, గరిటె అందుకుని, ఆమెకు కంచం పెట్టి వడ్డించాడు. అక్క సిగ్గుపడుతూ ముద్ద మింగింది. మొహం మారిపోయింది. పరుగున లోపలికెళ్ళి ఉప్పు తెచ్చి పులుసులో కలిపి, మళ్ళీ రుచి చూసి, అప్పుడు కొత్త కంచంలో వడ్డించి ఆయన ముందుకు జరిపింది.

సాలిమ్ తిన్నాడు. కారానికి కళ్ళు తుడుచుకుంటూ రెండోసారి వేయించుకున్నాడు. "లైసెన్స్ మేరే నామ్ పే," అన్నాడు. మా కేకలకు పక్క ఫ్లాటువాళ్ళు తలుపు తీశారు!

అక్క మాత్రం మా మీద విరుచుకుపడింది. "ఉప్పు ల్యాకుండా తింటా ఒగరన్నా నోరు తెరవల్యా? మిమ్మల్ని నమ్ముకోని హోటలెట్ల పెట్టేది నేను?" తిడుతూనే ఏడ్చేసింది. మాకూ కళ్ళు చెమర్చాయి.

తర్వాత ఎన్నో పెద్ద హోటళ్ళలో తిన్నాను గానీ, అంత సంతోషంగా తిట్లు తిన్నది అక్కడే. మేం జాలితో మూసుకున్న నోరు ఆమె కొంప ముంచేది. తన పేరిచ్చి, ముందు ఆమెకే కంచం పెట్టించింది ఊరుగాని ఊరి మనిషి. మీరూ ఇలాంటి ఇంటి మెస్సులకు వెళ్తే రెండు మాటలు గుర్తుంచుకోండి: మధ్యాహ్నం నమాజు అయ్యాక జనం ముంచుకొస్తారు, అంతకు ముందే చేరుకోండి; పొయ్యి దగ్గరున్న మనిషిని మీతో పాటు కూర్చోబెట్టుకుని తినండి.