ఆఖరింటివాళ్ళు ముందు

మా చిన్నాన్న పోయాడని పొద్దున్నే ఖిదిర్‌పూర్ నుంచి ఫోనొచ్చింది. మంచం మీదే, నిద్రలోనే పోయాడట. బతికున్నన్నాళ్ళూ పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడించిన మనిషి, తను మాత్రం ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా వెళ్ళిపోయాడు. నాకు ఏడుపుతోపాటు కోపమూ వచ్చింది.

మా తాత శ్రీకాకుళం నుంచి ఇక్కడి కలకత్తా ఓడరేవులో పనికొచ్చాడు. ఆయన చిన్న కొడుకు చదువుకుని, భవానీపూర్‌లో నదుల సంరక్షణ సంఘంలో కుదిరాడు. మనకీ, పైనున్న నేపాల్‌కీ, కిందున్న బంగ్లాదేశ్‌కీ నీళ్ళు ఒకటే కదా. ఆ మూడు దేశాల సంఘాలవాళ్ళనీ ఏటా ఒక గదిలో కూర్చోబెట్టి ఏదో ఒక మాట మీదికి తేవడం చిన్నాన్న ఉద్యోగం. నేనక్కడే టైపిస్టుని. బాగా కోపంగా ఉన్నవాళ్ళకి ముందు టీ ఇమ్మనేవాడు. "నోరు కాల్తే కాసేపు ఊరుకుంటారే" అనేవాడు.

ఒక ఏడు తగువంతా నూనె గురించి. సరుకు పడవలు మన వైపు నుంచి సుందర్‌బన్ అడవి కాలవల మీదుగా వాళ్ళ వైపు పోతాయి. పడవ మునిగి నూనె తేలితే, చూసిన ఒడ్డువాళ్ళు ఢిల్లీ, ఢాకా ఏమంటాయోనని కూర్చోకుండా అవతలి ఒడ్డుకి వెంటనే ఫోన్ చెయ్యాలి. ఒప్పందం ఇంతే. కబురు ముందు అందితే జాలర్లు వలలు తీసుకుంటారు, నూనెకి అడ్డు కడతారు. అందకపోతే చేపా పోతుంది, వాళ్ళ తిండీ పోతుంది.

ఇంత చిన్న మాటకి రెండ్రోజులు కొట్టుకున్నారు. మనవాళ్ళూ బెంగాలీలే, బంగ్లాదేశ్ వాళ్ళూ బెంగాలీలే, ఇంక మాటల వరస, పద్ధతి ఎందుకని ధీమాగా వదిలేశాం. అదే కొంప ముంచింది. ఒకే భాష వచ్చినవాళ్ళు ఎంత కమ్మగా దెప్పుకోగలరో అప్పుడు చూశాను. బంగ్లాదేశ్ వైపు ఖుల్నా నుంచి వచ్చిన పెద్దమనిషి కాగితాలు సంచిలో కుక్కుకుని, పొద్దున్నే వెళ్ళిపోతాం, ఇంక రాం అనేశాడు.

మర్నాడు బంద్. కలకత్తాలో బంద్ అంటే బందే. బస్సు లేదు, ట్రాము లేదు, టాక్సీ లేదు. అలిగినవాళ్ళు అలిగినట్టే గెస్ట్‌హౌస్‌లో ఉండిపోయారు. చిన్నాన్న ఖిదిర్‌పూర్ నుంచి నడిచొచ్చాడు, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని.

"అంతా అయిపోనాది చిన్నాన్నా" అన్నాను.

"ఏటే గుంటా అయిపోనాది? బండి లేదు గదా, ఎలాగెల్తారు?" అని నవ్వాడు.

మా ఖిదిర్‌పూర్ క్వార్టర్స్‌లో ఒక ఆనవాయితీ ఉంది. ఇళ్ళన్నిటి ముందూ పారేది ఒకటే మురిక్కాలవ. అది పొంగి తగువొస్తే, మొదటి మాట ఆఖరింటివాళ్ళది. అందరి మురికీ చేరేది వాళ్ళ గుమ్మంలోకే మరి. వాళ్ళు చెప్పింది మొదటింటివాళ్ళు తిరిగి చెప్పాలి. ఆఖరింటివాళ్ళు "అద్గదీ" అనేదాకా ఇంకెవరూ నోరెత్తకూడదు. ఆఖరిల్లు మాదే. మా నాన్నమ్మ అంత తొందరగా అద్గదీ అనే రకం కాదు.

ఆ రోజు చిన్నాన్న గెస్ట్‌హౌస్‌లో అదే పెట్టాడు. ఖుల్నా ఆయన్ని ముందు మాట్లాడమన్నాడు. ఆయన మాటని మన వైపు నుంచి వచ్చిన ఇంజినీరు తిరిగి చెప్పాలి. ఇంజినీరు చెప్పాడు, చివర్లో తన జవాబు కూడా తగిలించాడు. "అది ఆయన అన్లేదు దాదా, మళ్ళీ చెప్పండి" అన్నాడు చిన్నాన్న. మళ్ళీ చెప్పినా కుదరలేదు. ఇంజినీరు మొహం ఎర్రబడింది. కాసేపటికి నెమ్మదించి, "మీరనేదేంటంటే, నూనె మీ గుమ్మంలోకి వచ్చాక గానీ మేం చెప్పం. అప్పటికే మీ పిల్లలు ఆ నీళ్ళలో దిగి ఉంటారు" అన్నాడు. ఖుల్నా ఆయన అతన్నే చూస్తూ, "ఠిక్" అన్నాడు, మా అద్గదీకి వాళ్ళ మాట.

మధ్యాహ్నం చిన్నాన్న కుర్చీలు తిప్పాడు. ఇప్పుడు నేపాల్ వాళ్ళ ముందు మనం ఆఖరింటివాళ్ళం. "ఎవుడైనా ఎవుడికో ఒకడికి ఆఖరిల్లేనే" అని నాతో అన్నాడు. సాయంత్రం వీధిలో బస్సులు కదిలేసరికి సంతకాలయ్యాయి. ఆ ఫోన్లు ఇప్పటికీ మోగుతున్నాయి. ఆ గదిని ఇప్పుడు నేను నడుపుతున్నాను. నడపగలను కూడా, నేర్పినవాడు అలాంటివాడు.

పెద్దకర్మ నాడు క్వార్టర్స్‌లో అందరం చేరాం. ముందు ఎవరు మాట్లాడాలో ఎవరూ అడగలేదు. ఖుల్నా ఆయనకి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, చిన్నాన్న కుర్చీలో ఉంచాం. ఆయనా ముసలాడైపోయాడు. బెంగాలీలో రెండు ముక్కలు చెప్పాడు. బెంగాలీలోనే తిరిగి చెప్పడం నా వంతు.

"మా చిన్నాన్న చాలా గొప్పవాడని అంటున్నారు" అన్నాను.

"లేదమ్మా, నేనలా అన్లేదు" అన్నాడాయన ఫోన్‌లో.

మళ్ళీ మొదలుపెట్టాను. "నా మాట పూర్తయ్యేదాకా ఆయన అందర్నీ ఆపాడు, అన్నారు."

ఫోన్‌లో వెనక ఎక్కడో లాంచీ ఇంజన్ చప్పుడు వినిపిస్తోంది. ఆయన "ఠిక్" అనేదాకా, అందరం ఆ కుర్చీ వైపే చూస్తూ కూర్చున్నాం.