ఆయుధపూజకు తోమిన సీసపు గుండ్లు

దసరా దగ్గరపడగానే మా అపార్ట్‌మెంట్‌లో ఏదో ఒక వంటింటి కిటికీలోంచి నానబెట్టిన చింతపండు వాసన వస్తుంది. ఇత్తడి కుందులూ రాగి చెంబులూ తోముకుంటున్నారన్నమాట. అందరికీ అది పండగ వాసన. నాకు మాత్రం పడదు. యాభై దాటిన మనిషిని, ఇంకా ఒక వాసనకి తలుపు వేసుకోవాల్సి రావడం ఏమిటని విసుగొస్తుంది గానీ, లేచి వేసుకుంటాను.

మా నాన్న కాలవల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరు. అప్పట్లో మేము విజయవాడ వన్ టౌన్‌లో ఒక సందులో ఉండేవాళ్ళం, కింద పప్పుల గోడౌను, పైన మేము. పొద్దున లేస్తే కందిపప్పు దుమ్ము వాసన, తోపుడు బళ్ళ చప్పుడు, వరదల రోజుల్లో గోడలకి చెమ్మ. ఎండాకాలం కాలవలు కట్టేశాక బందరు వైపు డ్రెయిన్లలో పూడిక తీయించడానికి నాన్న వారాల తరబడి వెళ్ళేవారు. అక్కడి పాత కోట చుట్టుపక్కలంతా ఒకప్పుడు తెల్లవాళ్ళు తమలో తామే కొట్టుకు చచ్చిన నేల కాబట్టి, నల్లటి పూడిక మట్టిలో పారకి అప్పుడప్పుడు సీసపు తుపాకీ గుండ్లు తగిలేవి. కొన్ని రేగిపండంత, కొన్ని ఉసిరికాయంత, మీద సున్నం రాసినట్టు తెల్లటి పొర. మిగతా ఉద్యోగులు క్యాంపు నుంచి వస్తూ తాటిముంజెలో బందరు లడ్డో తెచ్చుకునేవారు. మా నాన్న ఖాళీ క్యారేజీ గిన్నెలో గుండ్లు తెచ్చేవారు.

"అన్నం తినే గిన్నెలో చావు తెచ్చావేంట్రా! ఎవడి గుండెలో దిగిందో ఏమో," అని నాయనమ్మ ఆ గిన్నెని మూడుసార్లు బూడిదతో తోమేది. ఎప్పుడో ఒకనాడు వాటినన్నింటినీ పట్టుకెళ్ళి ఏలూరు కాలవలో కలిపేస్తానని బెదిరించేది. నాన్న నవ్వి ఊరుకునేవారు.

అందరిళ్ళలో ముందుగది అద్దాల బీరువాలో కొండపల్లి బొమ్మలుంటే, మా బీరువాలో దూది పరుపుల మీద గుండ్లుండేవి. వాటి పక్కన రెండు చెకుముకి రాళ్ళు, సిపాయి కోటుదని నాన్న అనుకునే ఒక ఇత్తడి బొత్తం, అడుగు అరలో వెలగపండంత ఇనప ఫిరంగి గుండు. ఒక్కొక్కదాని కిందా సిరా కలంతో గుండ్రటి అక్షరాల్లో చీటీ. ఏ డ్రెయిన్లో, ఎంత లోతులో, ఎవరికి దొరికిందో. 'వీరమ్మ పారకి తగిలింది', 'సుబ్బులు తట్టలో వచ్చింది', ఇలా. గవర్నర్ల పేర్లు పుస్తకాల్లో ఉంటాయి, తవ్వినవాళ్ళ పేర్లు ఎవరు రాస్తారే అనేవారు నాతో. ఆదివారం మధ్యాహ్నాలు శుభ్రమైన తువ్వాలు పరిచి వాటిని ఒక్కొక్కటే బయటికి తీసి చూసుకునేవారు. నేను పక్కన కూర్చుని వేయించిన వేరుశెనక్కాయలు ఒలుచుకు తింటూ, అడిగి అడిగి ఒక్క గుండు అరచేతిలో పెట్టించుకునేదాన్ని. అంత చిన్నదానికి అంత బరువెందుకో నాకు అర్థమయ్యేది కాదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఎవరి ద్వారానో గుండ్ల సంగతి విని, దసరా వెళ్ళిన మర్నాడు చూడటానికి వస్తానని మ్యూజియం నుంచి ఒక పెద్దాయన కబురు పంపారు. నచ్చితే అక్కడే ఒక అరలో పెడతారట, చీటీలతో సహా. పండగ నాలుగు రోజులుందనగా నాన్నకి కాలు నేల మీద నిలవలేదు. బీరువా అద్దాలు తనే తుడిచారు, ఉన్న ఒక్క తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నారు. అమ్మ మా తమ్ముడి పురుటికి చల్లపల్లిలో పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో మేము ముగ్గురమే.

ఆయుధపూజ నాడు మా సందంతా ఒకటే సందడి. కొట్లవాళ్ళు తక్కెడలూ తూకపు రాళ్ళూ తోమి బొట్లు పెట్టారు, రిక్షావాళ్ళు చక్రాలకి బంతిపూలు చుట్టారు, కొండ మీది అమ్మవారి దర్శనానికి పోయే జనం వీధి చివరిదాకా నిలబడ్డారు. నాన్న ఏదో పని మీద ఆఫీసుకి వెళ్ళారు. నాయనమ్మ భోంచేసి పడుకుంది. ప్రతి ఇంట్లోనూ ఆయుధాలు మెరుస్తుంటే అసలైన ఆయుధాలున్న మా ఇంట్లో అవి బూజు పట్టినట్టు తెల్లగా ఉండటం నాకు నచ్చలేదు. ఎల్లుండి వచ్చే పెద్దాయన చూసి ఏమనుకుంటాడు? కుందుల కోసం నానబెట్టిన చింతపండు ఇంకా మిగిలి ఉంది. గుండ్లన్నీ దూదీ చీటీలతో సహా పళ్ళెంలోకి దింపి, వెనక వసారాలో కూర్చుని కొబ్బరిపీచుతో, బూడిదతో ఒక్కొక్కటీ వేళ్ళు నొప్పి పుట్టేదాకా తోమాను. సీసం ఒంటికి మంచిది కాదని అప్పుడెవరికి తెలుసు! పొర వదిలి వెండి గుండ్లలా తళతళలాడాయి. అన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టి పీట మీద వరసగా పేర్చాను. తడిసిన చీటీల్ని ఆరబెడదామని చూస్తే, సిరా కరిగి నీలం మరకలే మిగిలాయి.

నాన్న వచ్చి పీట ముందు నిలబడ్డారు. తడిసిన చీటీ ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఎవరు చేశారిది?"

ఆ గొంతుకి నాయనమ్మ లేచి వచ్చింది. పీట చూసింది, నా వేళ్ళు చూసింది. నానిపోయి, గోళ్ళ కింద చింతపండు పిప్పితో ఉన్నాయవి. నన్ను వెనక్కి లాగి తన చీర కుచ్చిళ్ళ చాటున నిలబెట్టుకుంది.

"నేనేరా. మురిగ్గా ఉన్నాయని తోమాను. ఏం కొంప మునిగింది?"

నేను నోరు విప్పలేదు. నాన్న నమ్మారు. ఎందుకు నమ్మరు, కాలవలో కలిపేస్తానని ఏళ్ళ తరబడి అన్నది ఆవిడే కదా.

దసరా వెళ్ళాక వచ్చిన పెద్దాయన మర్యాదస్తుడే. ఒక గుండు తీసి వెలుతురులో తిప్పి చూసి, "నిన్న పోత పోసినట్టున్నాయండీ. ఎక్కడ దొరికాయో మీరు చెప్పడమే గానీ, చూపించడానికి ఏముందండీ?" అన్నారు. కాఫీ తాగి వెళ్ళిపోయారు.

నాన్న అరవలేదు, ఎవర్నీ ఏమీ అనలేదు. నాయనమ్మతో మాట్లాడటం మానేశారు, అంతే. మాటలన్నీ నా ద్వారా నడిచేవి. "అమ్మని భోజనానికి రమ్మను." "అమ్మ మందు వేసుకుందేమో అడుగు." తప్పు చేసిందాన్ని నేను, ఇద్దరి మధ్యా కబుర్లు మోసిందాన్నీ నేనే. చెప్పేద్దామని నాయనమ్మ దగ్గర ఏడిస్తే, "నోరు మూసుకో. వాడి కోపం ఎన్నాళ్ళుంటుంది, సంక్రాంతికి పోతుంది," అంది. ఆరు సంక్రాంతులు వెళ్ళాయి. ఏడోదానికి ఆవిడ లేదు.

ఇప్పుడు ఆ సందులో మా ఇల్లు లేదు, ప్లాస్టిక్ సామాన్ల గోడౌను కట్టారు. డ్రెయిన్ల పూడిక మిషన్లు ఎత్తిపోస్తాయి, ఆ మట్టిలో ఏముందో వంగి చూసే మనిషి ఉండడు. గుండ్లు మా అటక మీద బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. ఇన్నేళ్ళకి వాటి మీద మళ్ళీ తెల్లపొర పట్టింది గానీ, వీరమ్మ గుండు ఏదో సుబ్బులు గుండు ఏదో చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరు. నాన్నకీ గుర్తు లేదు.

నాన్న మా దగ్గరే ఉంటున్నారు. మొన్న దసరాకి, చింతపండు వాసనకి నేను తలుపేసి వస్తుంటే ఎందుకని అడిగారు. నాకిక దాచే ఓపిక లేకపోయింది. తోమింది నేనేనని చెప్పాను.

"తెలుసులేమ్మా," అన్నారు. "మరుసటేడు ఆయుధపూజకి పీట వేస్తుంటే నువ్వు వెక్కి వెక్కి ఏడ్చావు. అప్పుడే అర్థమైంది."

"మరి నాయనమ్మతో ఎందుకు మాట్లాడలేదు నాన్నా?"

"అప్పటికే ఏడాది అయిపోయింది కదే. మళ్ళీ ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియలేదు. రేపు, రేపు అనుకున్నాను."

నాకు కోపం రాలేదు. ఒళ్ళంతా అలసటగా అనిపించింది. ఆ ఇల్లు ఎంతని, నాన్న ముందుగదిలో అన్న ప్రతి మాటా వెనక గదిలో నాయనమ్మకి వినబడేది. విని కూడా, నేను వెళ్ళి మళ్ళీ చెప్పేదాకా లేచేది కాదు. ఈసారైనా వాడే వచ్చి పిలుస్తాడేమోనని చూసేదనుకుంటాను.